నాలుగు ఖర్జూరాల్లో ఒకటి

ఆగండి, చేతిలో ఏ పని ఉన్నా కాస్త పక్కన పెట్టి నా మాట వినండి, నా దగ్గర ఎక్కువ టైం లేదు, నా కుడి అరచేతి మీద ఒక ఖర్జూరం ఉంది, దాన్ని నేను నొక్కకూడదు. నొక్కకూడదంటే వేళ్లు ముడవనే కూడదు. తీర్థానికి చాచినట్టు చాచమంటారేమో అనుకోకండి, తీర్థానికైతే చెయ్యి గుంట చేస్తాం, ఇక్కడ గుంట కూడా చెయ్యకూడదు, చపాతీ పెనంలా చదునుగా పెట్టి కూర్చోవాలి, మోచెయ్యి మోకాలి మీద ఆనించి, ఊపిరి కూడా కొంచెం జాగ్రత్తగా తీసుకుంటూ. నాలాగే ఇంకో ముగ్గురు ఈ పోర్టా కేబిన్‌లో ఎదురెదురు ఇనప మంచాల మీద చేతులు చాచి కూర్చున్నారు, నలుగురం కలిసి ఏదో దానం అడుగుతున్నట్టున్నాం. మూడు ఖర్జూరాల్లో గింజ ఉంది. ఒకదాంట్లో లేదు. లేనిది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఈ నెల ఊరికి పోతారు, మిగతా ముగ్గురు పోరు. అంతే ఆట. మా మెస్‌లో వంట చేసే మొయినుద్దీన్ భాయ్ పొద్దున ఒక ఖర్జూరం తొడిమ ఊడదీసి, సైట్‌లో ఇనప చువ్వలు కట్టే బైండింగ్ వైర్ ముక్కతో గింజని నెట్టేసి, ఆ ఖాళీలో ఖర్జూరం గుజ్జే కూరి, తొడిమ మళ్లీ అతికించి, అదే సైజువి ఇంకో మూడు ఏరి, నాలుగూ సేఫ్టీ హెల్మెట్‌లో వేసి కలిపి, పైన తువ్వాల కప్పి తెచ్చాడు. కళ్లు మూసుకుని తొడిమ దగ్గర పట్టుకుని తియ్యాలి, అరచేతిలో పెట్టుకోవాలి, ఇక ముట్టుకోకూడదు. ఇదివరకు చీటీలు వేసేవాళ్లట, ఎవడో గెలిచే చీటీ మూల మడిచి గుర్తు పెట్టుకున్నాడట, ఆ రాత్రి క్యాంపులో రెండు ముక్కులు పగిలాయట, అప్పట్నుంచి మాకు కాగితం లేదు, ఖర్జూరమే. ఎవరైనా నొక్కారో, ఆట ఎంతవరకు వచ్చినా సరే, తీసినవన్నీ పక్కన పారేసి నలుగురూ మళ్లీ మొదట్నుంచి తియ్యాలి. ఈ రూలు కూడా మొయినుద్దీన్ భాయ్‌దే. "నొక్కుడు లేదు భాయ్. ఖజూర్ అంటే ఆడపిల్ల బుగ్గ కాదు," అన్నాడు, నవ్వకుండా.

బయట ఎండ, ఒమాన్‌లో ఈ బర్కా ఊరి ఎండ. ఈ నెలల్లో మధ్యాహ్నం బయట పని చేయించకూడదని ఇక్కడ రూలుంది కాబట్టి సైట్ ఆగిపోయింది, క్రేన్ మెడ వంచుకుని నిలబడింది, క్యాంపు వెనక ఖర్జూర తోటలో నీళ్ల మోటారు ఒక్కటే మోగుతోంది. ఈ బ్రేక్ అయ్యేలోపు ఒక పేరు చెప్పాలి. అల్ ఖువైర్‌లో ఉన్న మా కంపెనీ ఆఫీసు నుంచి ముదీర్ పొద్దునే ఫోన్ చేశాడు, సెలవడిగిన మీ నలుగురిలో స్లాబు పడేదాకా ఒక్కడికే ఛుట్టీ, ఎవరో మీరే తేల్చుకోండి, బ్రేక్ అయ్యేలోపు నేను మళ్లీ చేస్తాను, పేరు చెప్తే టికెట్ తీస్తాను, చెప్పకపోతే ఎవరికీ లేదు అన్నాడు. ముదీర్ అంటే మేనేజరే, ఇక్కడందరూ అలాగే అంటారు. ఆయన తేల్చాల్సింది మా మీదకి తోసేశాడని నాకు తెలుసు, మిగతా వాళ్లకీ తెలుసు, కానీ ఎవరూ ఆ మాట అనలేదు, మొయినుద్దీన్ భాయ్ హెల్మెట్ వెతకడానికి లేచాడు, అంతే.

మా నలుగురిలో లచ్చన్నకి ఇంటి దగ్గర కూతురుంది, ఆయన ఒమాన్ వచ్చాక పుట్టింది, ఫోన్‌లో ఈయన్ని చూసి మామా అని పిలుస్తోంది, ఆ మాట తలుచుకుని నవ్వుతాడు గానీ ఆ నవ్వు చివర్న ఏదో తెగుతుంది. గణపతికి పెళ్లి కుదిరింది, ఇంకా ఆలస్యమైతే వేరే సంబంధం చూసుకుంటామని పిల్ల మేనమామ మెసేజ్ పెట్టాడు. భీమన్న మాలో పెద్దవాడు, స్టీల్ ఫిక్సర్, చేతుల మీద వైరు గీతలు, ఎక్కువ మాట్లాడడు. ఆయన భార్య శాంతవ్వకి కడుపులో గడ్డ, జగిత్యాలలో డాక్టరమ్మ ఆలస్యం చెయ్యొద్దంది, శాంతవ్వ ఆస్పత్రిదాకా పోయి రెండుసార్లు వెనక్కి వచ్చేసింది, భీమన్న వస్తేనే ఆపరేషన్ బల్ల ఎక్కుతానని. ఇక నేను, వీరబ్రహ్మం, సైట్‌లో టైమ్‌కీపర్‌ని, హనుమకొండలో చదువుకున్నాను, డిగ్రీలో మ్యాథ్స్, ఆ తర్వాత బీఈడీ. టీచర్ పోస్టుల పరీక్ష హాల్‌టికెట్ నిన్న డౌన్‌లోడ్ చేశాను. వచ్చే వారమే పరీక్ష, సెంటర్ కరీంనగర్, మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడంటే ఎవరికీ తెలియదు, పోయినసారిది వచ్చేసరికి నా క్లాస్‌మేట్స్ సగంమంది బ్యాంకుల్లో, బట్టల షాపుల్లో కుదురుకుపోయారు. నాకు మాత్రం బ్లాక్‌బోర్డే కావాలి. ఎందుకో చెప్పలేను, సుద్దముక్క ముందు నిలబడి ఒక పిల్లవాడి ముఖంలో లెక్క అర్థమైన క్షణం చూడటం కావాలి, ఆకలి వేసినట్టు కావాలి. డ్యూటీ అయ్యాక ఈ పై మంచం మీద దుప్పటి కప్పుకుని ఫోన్ వెలుగులో లెక్కలు చేస్తుంటే గణపతి కింద నుంచి మంచం తన్నేవాడు. "సారూ, జర నీ బడి బంద్ చెయ్యి, పిల్లగాండ్లు పండుకున్నరు."

లెక్క అంటే గుర్తొచ్చింది, ఇందాక హెల్మెట్ దగ్గర ఎంత గొడవ జరిగిందో. లచ్చన్న తువ్వాల మీద చెయ్యేసి, "నేను ముందు తీస్త. ముందు తీసినోనికి నాలుగుంటయ్. ఎనకటోనికి ఏముంటది, తొడిమెనా?" అన్నాడు. గణపతి దానికి సరిగ్గా తిరగేసి, "నేను ఆఖరుకు తీస్త. మీరు ముగ్గురు గింజలేరుకపోతే మిగిలేది నాదే గద," అన్నాడు. ఇద్దరూ తప్పే, ఇద్దరూ ఎదురెదురు దిక్కుల్లో తప్పు, నాకు ఒళ్లంతా పులకరించింది, నిజంగా, అంత భయంలో కూడా, ఎందుకంటే ఇది నా పాఠం, నేను బోర్డు మీద మొట్టమొదట చెప్పాలనుకున్న పాఠం. మంచం మీదే కూర్చుని చెప్పేశాను, ఆగకుండా. సంభావ్యత అంటే ఏముందన్నా, మనకి కావాల్సినవి ఎన్నో పైన రాయి, మొత్తం ఎన్నో కింద రాయి, కాకపోతే ఆ మొత్తంలో ప్రతిదానికీ వచ్చే అవకాశం సమానంగా ఉండాలి, అందుకే భాయ్ ఒకే సైజువి ఏరింది. మొదట తీసేవాడికి నాలుగింట ఒకటి. సరేనా. రెండోవాడికి రావాలంటే ముందు మొదటివాడికి రాకూడదు, అది నాలుగింట మూడు, అప్పుడు మిగిలిన మూడింట్లో ఒకటి వీడికి రావాలి, అది మూడింట ఒకటి, రెండూ జరగాలి కాబట్టి గుణించు, పైన మూడు కింద మూడు కొట్టేస్తే నాలుగింట ఒకటే. మూడోవాడికి నాలుగింట మూడు, మూడింట రెండు, రెండింట ఒకటి, మూడూ గుణించి కొట్టేసుకుంటూ పో, మళ్లీ నాలుగింట ఒకటే. ఆఖరివాడికీ అంతే. ముందు తీసినా వెనక తీసినా ఒకటే అన్నా, తీసేటప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి. లచ్చన్న నా వంక చాలాసేపు చూశాడు. "నువ్వు కొట్టేసుడు మంచిగనే ఉంది గని సారూ, నేనే ముందు తీస్త." తీశాడు. తర్వాత గణపతి, తర్వాత నేను. భీమన్న ఆఖర్న తీశాడు. "మిగిలింది నాదే తియ్యి. తమ్మి ఒక్కటే అంటున్నడు గద," అన్నాడు.

తమ్మి ఒకటే అంటున్నాడు కదా. ఆ నమ్మకం నా మీద బరువుగా కూర్చుంది, స్కూల్లో సంభావ్యత చెప్పిన సారుని నేను కూడా అంతగా నమ్మలేదు, ఆయన చెప్పేవన్నీ పేకముక్కల లెక్కలు, యాభైరెండు ముక్కల్లో ఒక ఇస్పేటు రాజు పడే సంభావ్యత ఎంత, మా ఇంట్లో పేకముక్క కనబడితే చెంప పగిలేది, ఇస్పేటు అంటే ఏదో పువ్వనుకున్నాను, పక్క బెంచీ సుమలత చెయ్యెత్తి "సార్, రాజులు ఎంతమంది ఉంటారు సార్" అని అడిగితే క్లాసంతా నవ్వింది, కానీ ఆ ప్రశ్నే కదా అసలు ప్రశ్న, మొత్తం ఎన్నో తెలియకుండా లెక్క ఎలా చేస్తారు. ఆ రోజే అనుకున్నాను, నేను చెప్తే పేకముక్కలతో చెప్పను, పిల్లల కళ్ల ముందున్న వాటితో చెప్తానని, చింతగింజలతో, బస్సు నంబర్లతో. ఇప్పుడు ఖర్జూరాలతో చెప్తున్నాను, నా విద్యార్థులు ముగ్గురు, ఫీజు ఒక విమానం టికెట్. మేం తీయడం అయ్యాక తోట వెనక మసీదుకి పోయి నమాజు ముగించుకుని వచ్చిన మొయినుద్దీన్ భాయ్ టోపీ మడిచి జేబులో పెట్టుకుని తలుపు దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. "ఇప్పుడు ఒక్కొక్కరు తెరువుర్రి. తీసిన వరుసనే. లచ్చన్న భాయ్, నువ్వు."

లచ్చన్న తెరవలేదు, కొరికాడు. పన్ను దేనికో తగిలిన చప్పుడు మా అందరికీ వినబడింది, చాలా చిన్న చప్పుడు. గింజ తీసి మంచం పట్టీ మీద పెట్టాడు, పెట్టి, "మామా అనే పిలువనియ్యి, ఏమైతది," అన్నాడు. ఆ క్షణంలో నాలో ఏం జరిగిందో చెప్పాలి, ఆయన ముఖం చూస్తూనే నా బుర్ర నాలుగు తీసేసి మూడు రాసుకుంది, నన్ను అడగకుండానే, మూడింట ఒకటి, నా ఖర్జూరం నా చేతిలో కదలలేదు, దాని రంగు మారలేదు, అయినా అది ఇందాకటికంటే బరువెక్కింది, లచ్చన్న కూతురికి తండ్రి దూరమైనంత మేర నాకు కరీంనగర్ దగ్గరైంది, గుండె సంతోషంతో కొట్టుకుంది, ఆ సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక ఏసీ వంక చూశాను, దాని కింద పెట్టిన బకెట్‌లో చుక్కలు పడుతున్నాయి.

గణపతి మాత్రం ధీమాగా ఉన్నాడు. "పోయినసారి తీస్తె రాలే, అంతకు ముందుగుడ రాలే. ఈసారి నాదే. లెక్క పరకారం నాకు బాకీ ఉంది." నేను ఊరుకుని ఉండాల్సింది, ఊరుకోలేదు, ఖర్జూరానికి పోయినసారి సంగతి తెలియదన్నా, దానికి గుర్తుండదు, నువ్వు పదిసార్లు ఓడినా ఈసారి మళ్లీ కొత్తగానే అన్నాను. "నువ్వు మాస్టరు కావు సారూ, ఆ పిల్ల మేనమామవు," అన్నాడు గణపతి, ఎడమ చేత్తో ఖర్జూరం చీల్చాడు, గింజ మెరిసింది. గణపతి పండు మొత్తం నోట్లో వేసుకుని నమిలాడు. "తీపి మంచిగుంది," అన్నాడు, గింజ హెల్మెట్‌లో ఉమ్మాడు, టంగున మోగింది, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పడుకున్నవాడి వీపు అంత పెద్దగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండింట ఒకటి. సగం. నేను తెరవాలి, తర్వాతి వరుస నాదే, నేను తెరిస్తే భీమన్నది తెరవనక్కర్లేదు కూడా, ఒకటి తెలిస్తే రెండోది తెలిసిపోతుంది. ఎడమ చెయ్యి లేపాను. అప్పుడే భీమన్న ఫోన్ మోగింది. శాంతవ్వ. "ఆగు బ్రమ్మం, వదినె ఫోన్," అన్నాడు మొయినుద్దీన్ భాయ్, నేను ఆగాను, భీమన్న కుడి చేతిలో ఖర్జూరం కదలకుండా ఎడమ చేత్తో ఫోన్ మంచం మీద పెట్టి స్పీకర్ నొక్కాడు, కేబిన్‌లోకి జగిత్యాల ఆస్పత్రి వరండా మొత్తం వచ్చేసింది, పిల్లల ఏడుపులు, ఎవరిదో నంబరు పిలుస్తున్న గొంతు.

"తిన్నవా?"

"తిన్న."

"అబద్ధం. ఏం దిన్నవ్ సెప్పు."

"ఖజూర్ ఉంది సేతుల."

"ఖజూర్ తింటె కడుపు నిండుతదా. డాక్టరమ్మ మల్ల అడిగిందయ్యా. మా ఆయన వచ్చి తలుపుకాడ కూసుంటెనే లోపటికి వోత అన్న."

"పిచ్చిదానా, నేను కూసుంటె కోసుడు తప్పుతదా?"

"తప్పదు. గని నువ్వు కూసోవాలె." వెనక మళ్లీ ఎవరిదో నంబరు పిలిచారు. "నాకు బుగులైతాంది. గంతే."

అందరూ ఆ ఫోన్ వంకే చూస్తున్నారు, గోడ వైపు తిరిగిన గణపతి కూడా మెడ తిప్పాడు, నేనూ అటే చూస్తున్నాను, నా చెయ్యి సంగతి మర్చిపోయాను, అరచెయ్యి చెమటతో తడిసిపోయింది, బుగులైతాంది, భయమేస్తోంది అన్న ఆ మాట దగ్గర నా చెయ్యి కొంచెం వాలిందనుకుంటా, ఖర్జూరం చిటికెన వేలి వైపు జారింది, పడిపోబోయింది, పడకూడదని వేళ్లు వాటంతట అవే ముడుచుకున్నాయి, బొటనవేలు దాని మీద పడింది. మెత్తగా దిగింది. ఒక వైపు నుంచి రెండో వైపుకి, మధ్యలో ఏమీ అడ్డం రాలేదు. చెయ్యి వెంటనే చాచేశాను. ఎవరూ చూడలేదు. ఖర్జూరం మీద చిన్న సొట్ట, అది నెమ్మదిగా పైకి లేస్తోంది, ఎవరూ చూడలేదు, నేను పట్టుకున్నాను, నొక్కలేదు, పట్టుకున్నాను, పడిపోతుంటే ఎవరైనా పట్టుకుంటారు కదా. కరీంనగర్. సుద్దముక్క. నా పేరు పక్కన సెలెక్టెడ్ అని. శాంతవ్వ ఇంకా మాట్లాడుతోంది, అరగంట ఆగు మల్ల జేస్త అని భీమన్న అంటున్నాడు, నాకు ఆ మాటలు నీళ్లలోంచి వినబడుతున్నాయి. ఇప్పుడు ఈ గదిలో లెక్క ఎంత, చెప్పండి. భీమన్నకి సగం. మొయినుద్దీన్ భాయ్ తన చేతుల్తో గింజ తీసినవాడే, ఆయనకీ సగమే, హెల్మెట్‌లో కలిపేశాక ఆయనకీ తెలియదు. నాకు మాత్రం ఒకటి, పూర్తి ఒకటి, ఇక కింద రాయడానికి ఏమీ లేదు. అదే ఖర్జూరం. అంటే ఆ సగం ఖర్జూరంలో ఎప్పుడూ లేదు, మన తెలియనితనానికి కొలత అది, అది ఇన్నాళ్లూ నాకు పుస్తకంలో వాక్యంలా తెలుసు, ఇప్పుడు బొటనవేలికి తెలిసింది, దీన్ని పిల్లలకి చెప్పాలి అనుకున్నాను, ఆ పిల్లల ముందుకి ఏ దారిన పోతానో గుర్తొచ్చి అక్కడే ఆగిపోయాను.

భీమన్న ఫోన్ పక్కన పెట్టాడు. మంచం మీద కొంచెం ముందుకి జరిగాడు. ఆయన ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగడు, టీ కూడా అడగడు, ఇస్తే తాగుతాడు.

"తమ్మీ, ఒక్క మాట. నీదీ నాదీ మార్సుకుంటె ఏమన్న ఫరక్ పడ్తదా? ఊకెనే అడుగుతున్న. ఇది నాది కాదేమోనని మనసు గుంజుతాంది."

"ఏం ఫరక్ పడ్తదన్నా," గోడ వైపు నుంచి గణపతి అందుకున్నాడు, నా శిష్యుడు. "ఇద్దరే మిగిలిన్రు. సగం సగం. మార్సినా గంతే, మార్సకున్నా గంతే. సారు సెప్పిండు గద, తెల్వనప్పుడు అన్ని ఒక్కటే అని. అంతే గద సారూ?"

అంతే గద సారూ. తల ఊపితే చాలు. మాట కూడా అక్కర్లేదు. ఊపితే భీమన్న సరే అని వెనక్కి జరుగుతాడు, నేను చీలుస్తాను, గింజ ఉండదు, పేరు నాది, ఇందులో నేను ఒక్క అబద్ధం కూడా ఆడినట్టు ఉండదు, గణపతి చెప్పింది ఏ పుస్తకంలోనైనా రైటే, శాంతవ్వ మూడోసారి కూడా ఇంటికి నడుస్తుంది. లేదా, మార్చుకుందాం అన్నా, నీ మనసు ఎందుకు కాదనాలి అని చెయ్యి ముందుకి చాపుతాను, ఆయన నా ఖర్జూరం చీల్చి చూసి నమ్మలేకపోతాడు, అదృష్టం అనుకుంటాడు, జన్మలో తెలియదు, నేను ఈ పై మంచం మీద ఇంకో నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తాను, అది వస్తుందో రాదో దాని లెక్క ఎవరూ చెయ్యలేరు, ఇచ్చింది నేనేనని కూడా ఎవరితోనూ అనలేను. లేదా నిజం చెప్తాను. నొక్కాను అంటాను. అది అన్నిటికంటే శుభ్రమైన మాట, కానీ దాని లెక్క చూడండి, చెప్పగానే నాలుగూ పారేసి మళ్లీ మొదటికి వస్తాం, లచ్చన్న లేచి కూర్చుంటాడు, గణపతి గోడ వైపు నుంచి తిరుగుతాడు, వాళ్లకి మళ్లీ దారి తెరుచుకుంటుంది, అది వాళ్ల హక్కు, కానీ భీమన్నకి నాలుగింట ఒకటే, అంటే నాలుగింట మూడు వంతులు శాంతవ్వ ఆ వరండాలోనే కూర్చుని ఉంటుంది, నా నిజాయితీకి ఆమె కడుపులో గడ్డ పెరుగుతుంది. నేను నిజం చెప్తే ఆమెకి నష్టం, నేను దాచిపెట్టి మార్చుకుంటే ఆమెకి లాభం, లచ్చన్నకీ గణపతికీ అన్యాయం, తల ఊపితే నాకొక్కడికే లాభం. మూడు దారులు, మూడూ సమానం కావు, సమానం కాని వాటికి పైన ఒకటి కింద మూడు రాయకూడదని నేనే చెప్తాను పిల్లలకి.

మొయినుద్దీన్ భాయ్ జేబులో ఫోన్ మోగింది. స్క్రీన్ చూశాడు. "ముదీర్. జల్దీ జెయ్యి బ్రమ్మం, ఎత్తుతున్న," అన్నాడు, ఎత్తాడు, సలాం చెప్పాడు, ఒక్క నిమిషం సార్ అంటున్నాడు. భీమన్న చెయ్యి నా చెయ్యి పక్కకి వచ్చి ఆగింది, చాలా చదునుగా, ఒక్క వేలు కూడా ముడవకుండా, ఆయన ఆ ఖర్జూరం వంక చూడటం లేదు, నా నోటి వంక చూస్తున్నాడు, తేడా ఉందో లేదో నేను చెప్తే వినడానికి. మీరు ఇంతసేపు విన్నారు కదా, లెక్క మొత్తం మీకూ తెలుసు కదా, నా చోట మీరుంటే, ఇప్పుడు, ఆయనకి ఏమని జవాబిస్తారు?